సబ్టిలిసిన్‌తో ప్రోటీన్‌ను కోయడం ఎలా? ఆపడం దగ్గర మొదలుపెడదాం

ఏప్రిల్ నెల, పొద్దున పదిన్నర. కర్నూలులో మా ల్యాబ్ గోడకున్న థర్మామీటర్ అప్పటికే 34 డిగ్రీలు చూపిస్తోంది. ప్రాజెక్టుకు వచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయి ట్యూబులోని ప్రోటీన్‌కు దాన్ని కోసే సబ్టిలిసిన్ ఎంజైమ్ వేయబోతూ, "రూమ్ టెంపరేచర్‌లో అరగంట ఉంచాలట మేడమ్, ఈలోపు పోయి ఉగ్గాని తినొస్తా" అంది. "ఆ కాగితంలో రాసిన రూము మన రూము కాదమ్మా, కూర్చో" అన్నాను. ప్రొటోకాల్ రాసినవాళ్ల లెక్కలో రూమ్ టెంపరేచర్ అంటే 20 నుంచి 25 డిగ్రీలు. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి ఎంజైమ్ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. వాళ్ల అరగంట మన దగ్గర పావుగంటలోనే అయిపోతుంది. ఉగ్గాని తిని వచ్చేసరికి ట్యూబులో ప్రోటీన్ ఉండదు, దాని తునకలు ఉంటాయి.

సబ్టిలిసిన్‌తో పని మొదలుపెట్టడం ఎవరికైనా వస్తుంది. వేస్తే చాలు, కోసేస్తుంది. దాన్ని సరైన క్షణంలో ఆపడమే కష్టం. నా దగ్గరికి వచ్చి "జెల్‌లో (ప్రోటీన్లను సైజు ప్రకారం గీతలుగా విడదీసి చూపే పలక) ఏమీ కనపడలేదు" అని బాధపడిన పిల్లల్లో ఎక్కువమంది ఆపడం దగ్గరే దెబ్బతిన్నారు. అందుకే మామూలుగా చివర రాసే ఆ భాగాన్ని ఇక్కడ ముందుకు తెస్తున్నాను.

అంతకంటే ముందు ఈ ఎంజైమ్ సంగతి కొంచెం తెలియాలి.

మీ చేతిలో ఉన్నది ఏమిటి

సబ్టిలిసిన్‌ను తయారుచేసేవి బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాలు. మన పొలాల్లో రేగడి మట్టిలోనూ, వామిదొడ్లో గడ్డి మీదా బతికే జీవులే. చుట్టూ ఉన్న ప్రోటీన్‌ను ముక్కలు చేసి తినడానికి అవి ఈ ఎంజైమ్‌ను ఒంటి బయటికి వదులుతాయి. సీసా మీద "కార్ల్స్‌బర్గ్" అని ఉంటే అది బాసిల్లస్ లైకెనిఫార్మిస్‌ది. కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో 1940ల్లో లిండర్‌స్ట్రోమ్-లాంగ్, ఒట్టెసెన్ దీన్ని పట్టుకున్నారు. గుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్ నుంచి ఒక చిన్న ముక్క తెగిపోయి, మిగిలిన ప్రోటీన్ పలకల్లాంటి స్ఫటికాలుగా రావడం వాళ్లు గమనించారు. ఆ కోత కోసింది ఇదే. "బీపీఎన్ ప్రైమ్" అని ఉంటే బాసిల్లస్ అమైలోలిక్విఫేసియన్స్‌ది. కోసే తీరులో రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి, కానీ ఏది వాడారో నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

కార్ల్స్‌బర్గ్ రకంలో 274 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 27 కిలోడాల్టన్లు. కోత పెట్టే చోట ముగ్గురు పనివాళ్లున్నారు: 32వ చోట ఆస్పార్టేట్, 64వ చోట హిస్టిడిన్, 221వ చోట సెరిన్ (ఈ అంకెలు బీపీఎన్ ప్రైమ్ వరస ప్రకారం). మన పేగుల్లో ఉండే కైమోట్రిప్సిన్‌లోనూ ఇవే మూడు. కానీ రెండు ఎంజైముల ఆకారానికీ పోలికే లేదు. బ్యాక్టీరియా ఒక దారిలో, జంతువులు ఇంకో దారిలో వెళ్లి ఒకే ఉపాయం దగ్గర కలిశాయి. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా నాకు ఈ మాట దగ్గర ఆగబుద్ధవుతుంది.

మీ పనికి పనికొచ్చే లక్షణాలు ఇవి. ఇది క్షారం వైపు చురుగ్గా ఉంటుంది, పీహెచ్ 8 నుంచి 10 దాకా హాయిగా పనిచేస్తుంది. 50, 60 డిగ్రీల వేడికి భయపడదు. ట్రిప్సిన్ అనే ఇంకో ఎంజైమ్ లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల దగ్గరే కోస్తుంది. దీనికి అంత పట్టింపు లేదు. ఫినైలాలనిన్, టైరోసిన్, లూసిన్ లాంటి పెద్ద, నీటికి దూరంగా ఉండే వాటి తర్వాత కోయడం ఇష్టమే కానీ, అవకాశం దొరికితే ఎక్కడైనా కోస్తుంది. దీనిలో డైసల్ఫైడ్ బంధాలు లేవు. ఒంటిని బిగబట్టి ఉంచేది కాల్షియం. అంటే కాల్షియాన్ని లాగేసుకునే ఈడీటీఏ వేస్తే ఎంజైమ్ వెంటనే ఆగదు, మెల్లగా నీరసపడుతుంది. ఈడీటీఏతో ఆపవచ్చని అనుకుంటే మోసపోతారు.

ఆపడం

నేను రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్నప్పుడు చేసిన మొదటి జెల్ చెబుతాను. నిమిషానికి ఒకటి, అయిదు నిమిషాలకు ఒకటి, అలా శాంపిళ్లు తీసి నేరుగా ఎస్‌డీఎస్ (ప్రోటీన్ మడతలు విప్పే సబ్బు లాంటి రసాయనం) ఉన్న డైలో వేసి, 95 డిగ్రీల్లో మరిగించాను. ఎస్‌డీఎస్, పైగా మరిగే వేడి, ఇంక ఏ ఎంజైమ్ మిగులుతుంది అనుకున్నాను. మర్నాడు రంగు వదిలించి చూస్తే మార్కర్ గీతలు చక్కగా ఉన్నాయి. సున్నా నిమిషాల గడి, అరవై నిమిషాల గడి రెండూ ఒకేలా ఖాళీ. అడుగున డై దగ్గర నీలంగా మసక. నా ప్రోటీనే చెడిపోయిందనుకుని రెండు వారాలు మళ్లీ ప్యూరిఫై చేశాను.

చెడింది ప్రోటీన్ కాదు. ఎస్‌డీఎస్ తగలగానే నా ప్రోటీన్ మడతలు విప్పుకుంది. కాల్షియం దన్నుతో ఎంజైమ్ మాత్రం ఇంకొన్ని క్షణాలు నిలబడింది. విప్పుకున్న ప్రోటీన్ దానికి వడ్డించిన విస్తరి. మరుగుతున్న ఆ కాసేపట్లోనే మొత్తం తినేసింది. బట్టల సబ్బు పొడిలో ఈ ఎంజైమ్‌ను కలుపుతారని చదువుకుని కూడా నేను ఈ సంగతి పోల్చుకోలేదు. సబ్బు నీళ్లలో రక్తం మరకలు, పాల మరకలు వదలగొట్టేదానికి సబ్బు లాంటి ఎస్‌డీఎస్ ఒక లెక్కా?

కాబట్టి వరస ఇది: ముందు ఎంజైమ్‌ను ఆపే మందు పీఎంఎస్‌ఎఫ్, తర్వాతే డై, తర్వాతే మరిగించడం.

పీఎంఎస్‌ఎఫ్ వెళ్లి 221వ సెరిన్‌కు అతుక్కుంటుంది, మళ్లీ ఊడదు. ఐసోప్రొపనాల్‌లో మిల్లీలీటరుకు 17.4 మి.గ్రా. కరిగిస్తే 100 మిల్లీమోలార్ స్టాకు వస్తుంది. చలిలో ఉంచితే అడుగున స్ఫటికాలు పేరుకుంటాయి. బయటికి తీసి, పూర్తిగా కరిగేదాకా గ్లవ్ వేసుకున్న అరచేతిలో పట్టుకోండి. పైన తేరిన ద్రవం మాత్రమే వాడితే మీరు వేసింది దాదాపు ఒట్టి ఐసోప్రొపనాలే. ఇది విషం, గ్లవ్స్ తప్పనిసరి.

నీళ్లలో పీఎంఎస్‌ఎఫ్ ఎక్కువసేపు బతకదు. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7లో సగం పోవడానికి సుమారు 110 నిమిషాలు పడితే, పీహెచ్ 8లో సుమారు 35 నిమిషాలే పడుతుంది. మన ఎండలో ఇంకా తొందరగా పోతుంది. పొద్దున బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) కలిపి పెట్టుకుని సాయంత్రం వాడదామంటే కుదరదు. కోతను ఆపే క్షణంలోనే అది శాంపిల్‌లో కలవాలి. శాంపిల్‌లో 1 నుంచి 2 మిల్లీమోలార్ ఉండేలా వేసి, ఐసు మీద పది నిమిషాలు ఆగండి.

పీఎంఎస్‌ఎఫ్ దొరక్కపోతే టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం) వాడండి. చల్లటి 20 శాతం టీసీఏను శాంపిల్‌కు సమానంగా కలిపితే ఎంజైమ్, ప్రోటీన్ రెండూ కలిసి తెల్లగా దిగిపోతాయి. అరగంట ఐసు మీద ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, చల్లటి అసిటోన్‌తో రెండుసార్లు కడగాలి. సరిగ్గా కడగకపోతే నీలం డై వేయగానే పసుపు రంగుకు తిరుగుతుంది. అది ఆమ్లం మిగిలిందని గుర్తు. మళ్లీ నీలం తిరిగేదాకా ట్రిస్ ద్రావణం కొద్దికొద్దిగా కలపండి.

తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి

ఎంజైమ్ పొడిగా వస్తే మా అటెండర్‌తో నేను మొదట అనే మాట "అన్నా, ఫ్యాన్ ఆపు". "ఈ ఎండలోనా మేడమ్?" అంటాడు. అయినా ఆపాల్సిందే. ఈ పొడి గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే అలర్జీ, ఆస్తమా వస్తాయి. 1960ల చివర్లో బ్రిటన్‌లో సబ్బు పొడి ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు ఇలాగే ఆస్తమా వచ్చింది. ఆ తర్వాతే ఎంజైమ్‌ను పూత పూసిన గుళికలుగా చేయడం మొదలైంది. మన సీసాలోని పొడికి ఆ పూత ఉండదు. ఒకసారి అలర్జీ పట్టుకుందంటే తర్వాత రవ్వంత తగిలినా తిరగబెడుతుంది.

మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. ఫ్యూమ్ హుడ్ ఉంటే అందులో తూయండి. నాకైతే సీసాలోంచి పొడి తీసి తూయడం కంటే, మూత వేసిన ట్యూబును ముందు తూచి, అందులో కాస్త పొడి వేసి మళ్లీ తూచి, ఎంత వచ్చిందో దానికి సరిపడా బఫర్ పోసుకోవడం నయం అనిపిస్తుంది. సరిగ్గా 5 మి.గ్రా. కోసం గరిటెతో అటూ ఇటూ తిప్పే పని తప్పుతుంది. కొనేటప్పుడు ద్రవ రూపంలో దొరికితే అదే తీసుకోండి.

స్టాకు, బఫర్

బఫర్ ఇది: 10 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8, అందులో 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్. దీనిలో మిల్లీలీటరుకు 1 మి.గ్రా. చొప్పున ఎంజైమ్ కరిగించి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 20లో పెట్టండి. ఒక్కో ట్యూబు ఒక్కసారికే. ఇది పక్క ప్రోటీన్‌నే కాదు, తన తోటి సబ్టిలిసిన్‌నూ కోస్తుంది. ట్యూబు బల్ల మీద పడి ఉన్నంతసేపూ మీ స్టాకు తనను తాను తినేస్తూ ఉంటుంది. ఎండాకాలం కరెంటు పోయే రోజుల్లో ఫ్రీజర్ మీద భరోసా పెట్టుకోకండి. థర్మాకోల్ డబ్బా నిండా ఐసు తెప్పించుకున్నాకే పని మొదలుపెట్టండి.

ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం కలిపి నిల్వ చేయకండి, తెల్లగా విరిగినట్టవుతుంది. ఊళ్లో బోరు నీళ్లు కాగిన గిన్నె అడుగున తెల్ల పొర కడుతుంది చూడండి, కాల్షియానికి ఆ స్వభావం ఉంది.

ట్రిస్‌తో ఇంకో తిరకాసు. ఒక్కో డిగ్రీ వేడి పెరిగేకొద్దీ దాని పీహెచ్ 0.028 చొప్పున తగ్గుతుంది. 38 డిగ్రీల గదిలో మీరు 8.0కి సరిచేసిన బఫర్‌ను 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే దగ్గర దగ్గర 8.95 అవుతుంది. ఏ వేడిలో కోస్తారో ఆ వేడిలోనే పీహెచ్ చూడండి.

పని చేస్తోందా: పాత ఎక్స్‌రేతో చూడండి

స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగు ఎంత చిక్కగా ఉందో కొలిచే యంత్రం) దగ్గరికి వెళ్లేముందు చేసే ఈ చిన్న పరీక్ష నాకు చాలా ఇష్టం. బీరువా మీద దుమ్ము పట్టిన పాత ఎక్స్‌రే ఏ ఇంట్లోనైనా ఉంటుంది. నలుపు వెండి రేణువులను ఫిల్ముకు పట్టి ఉంచేది జెలటిన్, అంటే ప్రోటీన్. ఈ మధ్య కంప్యూటర్ ప్రింటర్‌లోంచి వచ్చే ఫిల్ములతో ఇది సరిగ్గా రాదు. డార్క్‌రూమ్‌లో కడిగిన పాతకాలం ఫిల్మ్ కావాలి.

నల్లగా ఉన్న చోట చిన్న ముక్క కత్తిరించండి. ఎంజైమ్‌ను 10 రెట్లు, 100 రెట్లు, 1000 రెట్లు పలచన చేసి ఒక్కో చుక్క వేయండి. చివర్లో ఒక చుక్క ఒట్టి బఫర్, ఒక చుక్క పీఎంఎస్‌ఎఫ్ కలిపి పది నిమిషాలు ఆగిన ఎంజైమ్. తడి గుడ్డ పరిచిన డబ్బాలో పెట్టి మూత వేసి, 37 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉంచండి. తర్వాత కుళాయి ధార కింద పట్టి గ్లవ్ వేలితో మెల్లగా తుడవండి. ఎంజైమ్ పనిచేసిన చోట నలుపు మెత్తటి బురదలా జారిపోయి, కింద నీలం రంగు ప్లాస్టిక్ గుండ్రంగా బయటపడుతుంది. బఫర్ చుక్క వేసిన చోట నలుపు అలాగే ఉండాలి. పీఎంఎస్‌ఎఫ్ వేసిన చోటా నలుపు ఉంటే మీ పీఎంఎస్‌ఎఫ్ మంచిదే. అక్కడ కూడా గుండ్రం పడితే కొత్తది చేసుకోండి. ఆపే మందు పనిచేయదని జెల్ అయ్యాక తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం మేలు కదా.

అంకె కావాలంటే

ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో కొలవడానికి కేసిన్ (పాలలోని ప్రోటీన్) పద్ధతి. 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 7.5లో 0.65 శాతం కేసిన్ కరిగించాలి. 80, 85 డిగ్రీల దాకా మెల్లగా వేడి చేస్తూ కలపండి, పొంగనివ్వకండి. ఎంజైమ్‌ను 10 మిల్లీమోలార్ సోడియం అసిటేట్, 5 మిల్లీమోలార్ కాల్షియం అసిటేట్ ఉన్న ద్రావణంలో పలచన చేసుకోండి.

5 మి.లీ. కేసిన్‌ను 37 డిగ్రీలకు తెచ్చి, 1 మి.లీ. ఎంజైమ్ వేసి, సరిగ్గా 10 నిమిషాలకు 5 మి.లీ. టీసీఏ పోయండి. ఈ టీసీఏ 110 మిల్లీమోలార్, అంటే 100 మి.లీ.లో 1.8 గ్రాములు. బ్లాంక్‌లో (పోలిక కోసం పెట్టే ట్యూబు) మాత్రం ముందు టీసీఏ, తర్వాత ఎంజైమ్. 37 డిగ్రీల్లో అరగంట ఉంచి వడగట్టి, 2 మి.లీ. వడపోసిన ద్రవానికి 5 మి.లీ. సోడియం కార్బొనేట్ (100 మి.లీ.లో 5.3 గ్రాములు), దుకాణంలో దొరికే ఫోలిన్ రీఏజెంట్‌ను నాలుగు రెట్లు పలచన చేసి 1 మి.లీ. కలపండి. అరగంట తర్వాత 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయండి. కోతలో విడిపోయిన ముక్కల్లోని టైరోసిన్ వల్ల నీలం రంగు వస్తుంది. టైరోసిన్ స్టాండర్డ్ గ్రాఫ్‌ను అదే రోజు, అదే రీఏజెంట్‌తో గీయాలి.

లెక్క ఇలా. గ్రాఫ్‌లో 0.2 మైక్రోమోల్ వచ్చిందనుకోండి. మొత్తం ద్రవం 11 మి.లీ., అందులో చూసింది 2 మి.లీ., ఎంజైమ్ 1 మి.లీ., సమయం 10 నిమిషాలు. 0.2ను 11తో గుణించి 20తో భాగిస్తే 0.11 యూనిట్లు (నిమిషానికి ఒక మైక్రోమోల్ టైరోసిన్ అంటే ఒక యూనిట్). వంద రెట్లు పలచన చేసి ఉంటే అసలు స్టాకులో మిల్లీలీటరుకు 11 యూనిట్లు. ఇది పీహెచ్ 7.5 దగ్గర వచ్చిన అంకె, పీహెచ్ 9లో చేస్తే వేరేగా వస్తుంది. రెండింటినీ పోల్చకండి.

అసలు కోత

ప్రోటీన్‌ను పొడి పొడి చేయడం గొప్ప కాదు. ఒకటి రెండు చోట్ల మాత్రమే కోసి ఆపితే ఆ ప్రోటీన్ కట్టుబడి ఎలా ఉందో బయటపడుతుంది. గట్టిగా మడిచిన భాగాలను ఎంజైమ్ ముందుగా ముట్టుకోలేదు. వదులుగా వేలాడే మెలికలను ముందు కోస్తుంది.

ఈ ఒక్క ఉపాయంతో ఎంత పని జరిగిందో చూడండి. 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్‌ను సబ్టిలిసిన్ 20, 21ల మధ్య కోస్తుంది. విడిగా రెండు ముక్కలూ పనిచేయవు. కలిపితే బంధం లేకపోయినా అతుక్కుని మళ్లీ ఆర్‌ఎన్‌ఏను కోస్తాయి. 1950ల చివర్లో ఫ్రెడరిక్ రిచర్డ్స్ ఇది చూపించారు. వాటిని ఎస్-పెప్టైడ్, ఎస్-ప్రోటీన్ అంటారు. మాలిక్యులర్ బయాలజీ ల్యాబుల్లో వాడే క్లెనో ఫ్రాగ్మెంట్ కూడా మొదట ఇలాగే వచ్చింది. 1970లో డీఎన్‌ఏ పాలిమరేజ్-1ను సబ్టిలిసిన్‌తో కోస్తే, డీఎన్‌ఏను కట్టే పెద్ద ముక్క 68 కిలోడాల్టన్ల దగ్గర విడిగా వచ్చింది. ముందున్న డీఎన్‌ఏను తినేసే గుణం చిన్న ముక్కతో పోయింది. గుండె కండరం నుంచి మైటోకాండ్రియా తీసేవాళ్లు కండ మెత్తబడడానికి నాగార్స్ అనే పేరుతో ఇదే ఎంజైమ్‌ను వాడతారు.

మీరు చేయాల్సింది ఇది. 90 మైక్రోలీటర్లలో మీ ప్రోటీన్ 100 మైక్రోగ్రాములు ఉండాలి. ఎంజైమ్ స్టాకును వంద రెట్లు పలచన చేసి అందులోంచి 10 మైక్రోలీటర్లు వేస్తే 0.1 మైక్రోగ్రామ్ పడుతుంది, అంటే వెయ్యికి ఒకటి. పక్కనే వందకు ఒకటి, పదివేలకు ఒకటి కూడా పెట్టండి. మొదటిసారే సరైన నిష్పత్తి ఎవరికీ దొరకదు.

ఎంజైమ్ ముట్టుకోకముందే 1, 5, 15, 30, 60 అని రాసిన ట్యూబులను ఐసులో పెట్టి, ఒక్కోదానిలో, ఐసోప్రొపనాల్‌తోనే పలచన చేసిన 30 మిల్లీమోలార్ పీఎంఎస్‌ఎఫ్ 1 మైక్రోలీటర్ వేసుకోండి. వెంటనే మూత బిగించండి, మన ఎండకు ఆ ఒక్క చుక్క ఆవిరైపోతుంది. కోత నీళ్ల తొట్టిలో (వాటర్ బాత్) 25 డిగ్రీల దగ్గర జరగాలి. మే నెలలో ఆ వేడి నిలబెట్టడానికి నీళ్లలో ఐసు ముక్కలు వేస్తూ థర్మామీటర్ చూస్తూ ఉండాలి. అది కుదరకపోతే మొత్తం ఐసు మీదే చేసి సమయం పెంచండి. మెల్లగా జరిగే కోతను ఆపడం సులువు. ప్రతి సమయానికి 15 మైక్రోలీటర్లు తీసి ఆయా ట్యూబులో వేయండి.

రెండు కంట్రోళ్లు విడిగా చేయండి. ఒకటి, ఎంజైమ్ అసలు వేయని ప్రోటీన్‌ను గంటసేపు అక్కడే ఉంచినది. రెండోది, ఎంజైమ్‌లో ముందే పీఎంఎస్‌ఎఫ్ కలిపి పది నిమిషాలు ఆగి, అప్పుడు ప్రోటీన్ వేసినది. జెల్‌లో మొదట ఈ రెండోదాన్నే చూడండి. అందులో ప్రోటీన్ గీత పూర్తిగా నిలిచి ఉంటేనే మిగతా గడుల మాట నమ్మండి. నా మొదటి జెల్‌లో ఈ గడి ఉండి ఉంటే రెండు వారాలు మిగిలేవి.

గుడ్డు తెల్లసొనతో ప్రాక్టీసు చేద్దామనుకునేవాళ్లకు ఒక మాట. పచ్చి సొనలో ఓవోఇన్హిబిటర్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది సబ్టిలిసిన్‌ను పట్టేసుకుంటుంది. శుద్ధమైన ఓవాల్బుమిన్ కొనుక్కోండి.

అయిపోయాక

వాడిన ట్యూబులు, పిపెట్ టిప్పులు బ్లీచ్ నీళ్లలో అరగంట నానబెట్టండి. టీసీఏ ట్యూబులను మాత్రం అందులో వేయకండి, ఆమ్లం బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. వాటిని ఆమ్లాల డబ్బాలో విడిగా పారేయండి. బల్లను ముందు తడి గుడ్డతో తుడిచి, తర్వాత బ్లీచ్‌తో తుడవండి. పొడి గుడ్డతో దులిపితే మళ్లీ గాల్లోకి లేస్తుంది. ఎంజైమ్ కోసం ఒక పిపెట్‌ను విడిగా పెట్టుకుని దానికి ఎర్ర టేపు చుట్టండి. దాని మొనలో ఉండిపోయిన రవ్వంత సబ్టిలిసిన్ చాలు, పక్క బల్ల మీద నెల రోజులుగా ఎవరో ప్యూరిఫై చేసుకుంటున్న ప్రోటీన్ రాత్రికి రాత్రే పోవడానికి.